నన్నూ, నా పెట్టెనూ కలిపి తూచిన దేశం

విమానం ఎక్కే ముందు పెట్టెలు తూయడం అందరికీ తెలిసిన సంగతే. పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాస్ దేశపు బొన్రికి విమానాశ్రయంలో దేశీయ ప్రయాణాల కౌంటరు దగ్గర నా పెట్టెను తూచాక, అక్కడి అమ్మాయి నన్నూ కాటా ఎక్కమంది. చేతిసంచి భుజాన అలాగే ఉంచుకోమంది. 77 కిలోలు. ఆ అంకెను నా పేరుకు ఎదురుగా పట్టీలో రాసుకుంది. నా వెనక ఒక తల్లి చంకలో బిడ్డతో కాటా ఎక్కింది. ఆమె వెనక ఒక పెద్దాయన, కొత్త సైకిలు చక్రం చేతిలో పట్టుకుని ఎక్కాడు. సంచీలో బియ్యం ఎంతుందో, ఒంట్లో బరువు ఎంతుందో విడివిడిగా ఎవరూ అడగలేదు. విమానానికి కావలసింది మొత్తం.

కిరిబాస్ దేశంలో నేను గడిపిన రోజులన్నిటిలోకీ బాగా గుర్తున్నది ఆ కాటాయే. అక్కడికి ఎలా వెళ్లాలి, వెళ్లాక ఒక దీవి నుంచి మరో దీవికి ఎలా తిరగాలి అని ఆ తర్వాత చాలామంది నన్ను అడిగారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఇంగ్లిషు అక్షరాల్లో చూసి మనం కిరిబాటి అని చదువుతాం. వాళ్ల భాష రాతలో ‘స’కు వేరే అక్షరం లేదు. ‘టి’ అని రాసి ‘స్’ అని పలుకుతారు. బ్రిటిష్ వాళ్లు గిల్బర్ట్స్ అని పిలిచిన దీవులు వాళ్ల నోట కిరిబాస్ అయ్యాయి. 1979 జూలై 12న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు దేశానికి ఆ పేరే పెట్టుకున్నారు. మొత్తం 33 దీవులు. నేలంతా కలిపితే 811 చదరపు కిలోమీటర్లు, అంటే 2025లో విస్తరించక ముందు సుమారు 650 చదరపు కిలోమీటర్లున్న గ్రేటర్ హైదరాబాద్ కంటే కొంచెం ఎక్కువ. ఆ కాస్త నేల విసిరేసినట్టు పరుచుకున్న సముద్రం మాత్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భారతదేశపు విస్తీర్ణం కంటే ఎక్కువ. పటం ముందు కూర్చుని ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకోకుండా అక్కడి ప్రయాణాన్ని అర్థం చేసుకోవడం కష్టం.

నేను భూగర్భజలాల ఇంజినీరును. పుట్టి పెరిగింది దివిసీమలో. బోరు కాస్త లోతుకు దింపితే ఉప్పునీళ్లు పడే ఊళ్లు మావి. ఆ అనుభవం వల్లే కావచ్చు, పగడపు దీవుల్లో బావుల ఉప్పుదనం కొలిచే చిన్న పని నాకు దొరికింది. మూడు వారాల పని. ముందు రాజధాని దక్షిణ తరావా, తర్వాత అబెమామా అనే దీవి.

హైదరాబాద్ నుంచి అక్కడికి చేరడానికి నాకు మూడు విమానాలు పట్టాయి: సింగపూర్, అక్కడి నుంచి ఫిజీ, ఫిజీ నుంచి తరావా. ఆస్ట్రేలియా మీదుగా కూడా వెళ్లవచ్చు గానీ మన పాస్‌పోర్టుకు అక్కడ ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. ఫిజీలో భారతీయులకు దిగాకే అనుమతి ముద్ర వేస్తారు. అందుకని సింగపూర్ దారి ఎంచుకున్నాను. సింగపూర్ నుంచి ఫిజీ పది గంటల ప్రయాణం. అదంతా మామూలు పెద్ద విమానం, మామూలు నిద్ర. చెప్పుకోవలసింది ఏమీ లేదు.

ఫిజీలో దిగే ఊరిని ‘నాది’ అని రాస్తారు, ‘నాంది’ అని పలుకుతారు. మన భాషలో ఆ మాటకున్న అర్థం నా ప్రయాణానికి సరిగ్గా సరిపోయింది. అసలు దారి అక్కడే మొదలైంది. తరావా విమానం రోజూ ఉండదు. ఒక విమానం తప్పిపోతే కొన్ని రోజులు ఆగాలి. సింగపూర్ విమానం ఆలస్యమైతే ఎలాగన్న భయంతో నాందిలో రెండు రాత్రులు ముందుగానే పెట్టుకున్నాను. ఆ నిర్ణయం మంచిదైంది, కానీ నేను అనుకున్న కారణానికి కాదు.

ఊళ్లో శివ సుబ్రహ్మణ్య స్వామి గుడి ఉంది. గోపురం రంగులు చూసి లోపలికి వెళ్లాను. ప్రాంగణంలో ఒక పెద్దావిడ పూలు కడుతోంది. ఎక్కడి నుంచి వచ్చావని హిందీలాంటి భాషలో అడిగింది. ఆంధ్ర అని చెప్పగానే ఆమె చేయి ఆగిపోయింది. వాళ్ల తాతగారి తండ్రి మద్రాసులో ఓడ ఎక్కాడట. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద, గిర్మిట్ మీద, 1879 నుంచి 1916 వరకు మనవాళ్లను ఫిజీకి తీసుకెళ్లారు. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ వచ్చారు. రెడ్డి, నాయుడు, అప్పన్న అన్న పేర్లు అక్కడి దుకాణాల బోర్డుల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఆవిడకు తెలుగు రాదు. కానీ "అమ్మా", "అన్నం", "రా" అన్న మాటలు చెప్పి, నేను అర్థం చేసుకున్నానా లేదా అని నా ముఖంలోకి చూసింది. ఆ చూపును నేను మరచిపోలేను. మావాళ్లు ఓడలో ఎన్నాళ్లు వచ్చారో తెలుసా అని అడిగి, తానే వారాలు లెక్కపెట్టి చెప్పింది. నేను ఒక్క రాత్రిలో వచ్చాను.

నాంది నుంచి తరావా సుమారు 2,200 కిలోమీటర్లు, మూడు గంటలు. కింద సముద్రం తప్ప మరేమీ లేదు. మధ్యలో ఎక్కడో భూమధ్యరేఖ దాటతాం. దిగే ముందు పక్కసీటులోని నర్సు కిటికీ వైపు జరగమంది. నీలం మీద ఎవరో సున్నంతో ఒక వంకర గీత గీసినట్టుంది. గీతకు ఒక పక్క ముదురు నీలం, రెండో పక్క లేత పచ్చ. ముదురు నీలం మహాసముద్రం, లేత పచ్చ లగూన్, అంటే దీవి వలయం లోపలి లోతు తక్కువ ఉప్పునీటి సరస్సు. మధ్య ఉన్న గీత దేశ రాజధాని. చాలాచోట్ల దాని వెడల్పు అర కిలోమీటరు కూడా ఉండదు. నేల ఎత్తు సముద్రం మీద రెండు మూడు మీటర్లు. దేశ జనాభా సుమారు 1,20,000. అందులో సగం మందికి పైగా ఈ గీత మీదే ఉంటారు.

బొన్రికి రన్‌వే సుమారు రెండు కిలోమీటర్లు. 1943 నవంబరులో తరావాలోని బెసియో దగ్గర జపాన్, అమెరికా సైన్యాల మధ్య మూడు రోజుల భీకర యుద్ధం జరిగాక, అమెరికా సైన్యం యుద్ధ విమానాల కోసం వేసుకున్న రన్‌వేకు అది వారసురాలు. నాకు మాత్రం దాని పక్కన ఉన్నది ముఖ్యం. దక్షిణ తరావా తాగే నీళ్లలో ఎక్కువ భాగం రన్‌వేను ఆనుకుని ఉన్న బొన్రికి నేల కిందే ఉంది. అక్కడ నదీ లేదు, చెరువూ లేదు. కురిసిన వాన పగడపు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు, అందుకే తేలుతుంది. ఆ మంచినీటి పొరను నిలువు బోర్లతో గట్టిగా తోడితే కింది ఉప్పు ఎగదన్నుతుంది. అందుకే అడ్డంగా పరిచిన గొట్టాలతో నెమ్మదిగా, పైపైన తీస్తారు. దేశంలోకి వచ్చే విమానాలూ, దేశ రాజధాని తాగే నీళ్లూ ఒకే చిన్న నేలను పంచుకుంటున్నాయి. దిగీ దిగగానే ఆ సంగతి తలచుకుని కాసేపు మెట్ల దగ్గరే నిలబడిపోయాను.

వలస అధికారి అడిగింది రెండే: ఆహ్వాన లేఖ, తిరుగు ప్రయాణపు టికెట్టు. "మౌరి" అని పలకరించాడు. ఆరోగ్యంగా ఉండండి అన్న భావం ఉన్న పలకరింపు అది.

బొన్రికి నుంచి పడమటి కొనన ఉన్న బెసియో వరకు ఒకటే రోడ్డు. చిన్న వ్యాన్లలాంటి బస్సులు పాటలు గట్టిగా పెట్టుకుని తిరుగుతుంటాయి. దిగాలంటే "ఇకాయ్" అని అరవాలి. ఇక్కడ అని అర్థం. మొదటిసారి నా గొంతు పాటలో కలిసిపోతే, బస్సులో ఉన్నవాళ్లందరూ కలిసి నా తరఫున అరిచారు. దారిలో ఉన్న బైరికికీ బెసియోకీ మధ్య జపాన్ సాయంతో కట్టిన కాజ్‌వే, అంటే సముద్రం మీద గట్టు వేసి కట్టిన రోడ్డు, ఉంది. అదొక్కటీ లేకపోతే రాజధాని రెండు ముక్కలు.

దేశీయ టికెట్టు విషయంలో నేను నేర్చుకున్నది ఇది. ముందే కొనుక్కున్నా, ఊళ్లోకి రాగానే ఆఫీసుకు వెళ్లి మీ పేరు పట్టీలో ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. ప్రయాణానికి ముందురోజు మరోసారి వెళ్లాలి. వేళలు మారుతుంటాయి. మారితే అది ఎవరి తప్పూ కాదని నాకు త్వరలోనే తెలిసింది. ఇంకొకటి, నగదు. దేశంలో వాడేది ఆస్ట్రేలియా డాలరు. బయటి దీవుల్లో బ్యాంకు ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు. వసతికీ భోజనానికీ తిరుగు దారిలో అదనపు సామానుకూ చిన్న నోట్లు రాజధానిలోనే సిద్ధం చేసుకోవాలి. తరావా, అబెమామా ఉన్న గిల్బర్ట్ దీవుల్లో చాలావాటికి రన్‌వే ఉంది గనుక ఇదంతా సాధ్యం. తూర్పున ఉన్న కిరిసిమస్ (క్రిస్మస్) దీవి సంగతి వేరు. దేశపు నేలలో దాదాపు సగం ఆ ఒక్క దీవే. తరావా నుంచి 3,000 కిలోమీటర్లకు పైగా దూరం. చాలా ఏళ్ల పాటు రాజధాని నుంచి అక్కడికి వెళ్లాలంటే ముందు ఫిజీకి వెళ్లి, అక్కడ హవాయి దీవుల్లోని హొనొలులుకు వెళ్లే విమానం ఎక్కి మధ్యలో దిగాల్సి వచ్చేది. సొంత దేశంలో ఒక చోటు నుంచి మరో చోటికి పరాయి దేశం మీదుగా ప్రయాణం. 1995 వరకు రెండు చోట్లా తేదీ కూడా ఒకటి కాదు. ఇక్కడ సోమవారమైతే అక్కడ ఆదివారం. ఆ ఏడాది, తేదీ మారే చోటును చూపే దినరేఖను తూర్పుకు జరిపి దేశమంతటికీ ఒకే తేదీ తెచ్చుకున్నారు. ఇప్పుడు కిరిసిమస్ దీవిలోనూ హొనొలులులోనూ గడియారం ఒకే సమయం చూపిస్తుంది, తేదీ మాత్రం ఒకరోజు తేడా.

ఇక అబెమామా ప్రయాణం. మాది ట్విన్ ఓటర్, పంతొమ్మిది సీట్ల విమానం. ఆ రోజు అన్ని సీట్లూ నింపలేదు. ఎందుకని పైలట్‌ను అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. వెళ్లే దీవిలో ఇంధనం దొరకదు. రానూపోనూ సరిపడా, ఆ పైన కొంత అదనంగా ఇక్కడే నింపుకోవాలి. ఆ ఇంధనం బరువు మనుషుల బరువులోంచి పోతుంది. ఎండ కాసే కొద్దీ గాలి పలచబడి రెక్కలకు బలం తగ్గుతుంది. దిగేది పొట్టి పగడపు నేల. "నేను ఆకాశంలో నడిపేది విమానాన్ని కాదు, ఉదయం కౌంటరులో వేసిన కూడికను" అన్నారు. ఎక్కేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చెప్పారు. నన్ను ముందు వరుసలో, సైకిలు చక్రం పెద్దాయనను వెనక కూర్చోబెట్టారు. నా పరికరాల పెట్టె 22 కిలోలు. దానికి అదనపు రుసుము కట్టాను. డబ్బు కడితే ఆ బరువుకు హక్కు వచ్చిందనే అప్పుడు అనుకున్నాను.

పైలట్ల గదికి తలుపు లేదు. వాళ్ల భుజాల మీదుగా నేరుగా సముద్రం కనిపిస్తోంది. తక్కువ ఎత్తులో ఎగురుతున్నాం గనుక అలల మీది తెల్లని నురుగు కూడా తెలుస్తోంది. సుమారు 150 కిలోమీటర్లు. చంటిబిడ్డ నిద్రపోయాడు, తల్లీ నిద్రపోయింది. నేను మాత్రం ముక్కు అద్దానికి ఆనించి, కనిపించబోయే నేల కోసం చూస్తూనే ఉన్నాను. ముందు మబ్బు అడుగున పచ్చని నీడ కనిపించింది. లగూన్ రంగు మబ్బు మీద పడుతుందని, పాత నావికులు దీవిని ముందు ఆకాశంలోనే గుర్తుపట్టేవారని తర్వాత తెలిసింది. దాని కింద నేల ఆలస్యంగా వచ్చింది.

అబెమామా విమానాశ్రయం అంటే కొబ్బరిచెట్ల మధ్య ఒక చదునైన దారి, పక్కన గోడల్లేని పాక. ఊరు ఊరంతా వచ్చినట్టుంది. కొందరు మనుషుల కోసం, కొందరు మందుల కోసం, ఎక్కువమంది ఊరికే చూడటానికి. నా తల మీద తే బావు అనే పూల వలయం పెట్టారు. 1892లో ఈ దీవి మీదే బ్రిటిష్ జెండా ఎగరేసి గిల్బర్ట్ దీవులను తమ రక్షణలోకి తీసుకున్నట్టు ప్రకటించారట. ఆ సంగతి చెప్పినాయన నీటి విభాగం ఉద్యోగి. నా పనిలో నాకు తోడు ఆయనే.

పని గురించి ఎక్కువ రాయను. పన్నెండు రోజులు బావి తర్వాత బావి కొలిచాం. సాయంత్రాలు ఆయన కొబ్బరిచెట్టు ఎక్కి గీత గీసి కల్లు దించేవారు. కరెవే అంటారు. చెట్టు మీద ఉన్నంతసేపూ పాడేవారు. తాజాగా దించినది తియ్యగా ఉంటుంది, పిల్లలకూ తాగిస్తారు. దాన్ని మరగబెట్టి కమయిమయి అనే ముదురు పాకం తీస్తారు. మా ఊళ్లో తాటిబెల్లం కాచే పొయ్యి దగ్గర వచ్చే వాసనే. మా నాన్న చిన్నతనంలో తాటిచెట్లు ఎక్కేవాళ్ల గురించి నేను చెబితే ఆయన ప్రతి వివరమూ అడిగారు. మోకు ఎలా కడతారు, గీత ఎటు గీస్తారు, ఎన్ని పూటలు.

తిరుగు ప్రయాణానికి నాంది విమానంతో నాలుగు రోజుల ఎడం పెట్టుకున్నాను. బయలుదేరాల్సిన రోజుకు ముందు రెండు రాత్రులు ఎడతెగని వాన. రన్‌వే మీద నీళ్లు నిలిచాయి. విమానం రాలేదు. ఊళ్లో ఒక్కరూ విసుక్కోలేదు. వాన కోసమే కదా వాళ్లు ఎదురుచూసేది. నేను కొలిచిన బావులన్నీ ఆ వానతోనే కదా నిండేది. నాలుగు రోజుల తర్వాత మరో విమానం ఖాయమైంది.

ఆ రోజు పొద్దున్నే పాకలోకి చేరాం. కాటా మీద ఒక్కొక్కరమే ఎక్కి దిగాం. ఇంతలో కబురు వచ్చింది: పక్క దీవిలో ఒకామెకు కాన్పు కష్టమైంది, విమానం ముందు అటు వెళ్లి ఆమెను ఎక్కించుకుని వస్తుంది. స్ట్రెచర్ పెట్టాలంటే సీట్లు మడవాలి. విమాన సంస్థ ఏజెంటు పట్టీ తీసి పెన్సిలుతో మళ్లీ కూడటం మొదలుపెట్టాడు. పాకలో మాటలు ఆగిపోయాయి. ఇద్దరు కుర్రాళ్లు తామే లేచి, మేం పడవలో వస్తాం అన్నారు. ఒకావిడ రెండు చేపల పెట్టెల్లో ఒకటి వెనక్కి పంపేసింది. ఇంకా సరిపోలేదు. తల్లితో పాటు తరావాలో కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన ఎనిమిదేళ్ల పిల్ల పేరు దగ్గర పెన్సిలు ఆగింది.

ఏజెంటు నా దగ్గరికి వచ్చాడు. బతిమాలలేదు, ఆజ్ఞాపించలేదు. "మీ పెట్టె 22. ఆ పిల్ల 21" అన్నాడు.

నా పరికరాలు ఖరీదైనవి. వాటి బాధ్యత నా మీద ఉంది. వాటిలోని లెక్కలు నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను గానీ, సరిచూడాల్సినవి ఇంకా ఉన్నాయి. ఇవన్నీ ఒక్క క్షణంలో మనసులో మెదిలాయి. మెదిలినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. పెట్టెను నీటి విభాగం ఆయన చేతికి ఇచ్చాను. ఏజెంటు నా అంకె కొట్టేసి పిల్ల పేరు దగ్గర టిక్కు పెట్టాడు.

విమానంలో స్ట్రెచర్ నాకు అరచేతి దూరంలో ఉంది. ఆమె కళ్లు మూసుకుని ఉంది. పక్కన నర్సు సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని, దారి పొడవునా చేయి మార్చుకుంటూ వచ్చింది. కాసేపు నేను పట్టుకున్నాను. ఆ పిల్ల కిటికీలోంచి ఒక కన్ను మూసుకుని చూస్తోంది, తర్వాత రెండో కన్ను మూసుకుని చూస్తోంది. బొన్రికిలో దిగేసరికి అంబులెన్సు రన్‌వే పక్కనే నిలబడి ఉంది. బిడ్డ పుట్టాడని, తల్లి క్షేమమని మర్నాడు సాయంత్రం బస చేసిన చోట చెప్పారు.

నాంది వెళ్లే నా విమానం మాత్రం చేతికి అందలేదు. మా విమానం బొన్రికిలో దిగే వేళకు అది అక్కడి నుంచి ఎగరడానికి సిద్ధంగా ఉంది. తర్వాతి దానికి నాలుగు రోజులు ఆగాను. టికెట్టు మార్చినందుకు కట్టిన డబ్బు, అదనపు వసతి ఖర్చు కలిపితే తక్కువేం కాలేదు. ఎవరైనా వెళ్లేటట్టయితే నేను చెప్పే మాట ఇదే: బయటి దీవి నుంచి రావడానికీ అంతర్జాతీయ విమానానికీ మధ్య కనీసం వారం ఉంచండి. ఆ వారం వృథా అవుతుందని లెక్క వేయకండి. పెట్టెలో లేకపోయినా ఫర్వాలేదనుకున్న ప్రతి వస్తువునూ రాజధానిలోనే వదిలి వెళ్లండి. మీ సామాను తగ్గిన మేరకు విమానంలో ఇంకొకరికి చోటు మిగులుతుంది.

మూడో రోజున అబెమామా నుంచి విమానం వచ్చిందని తెలిసి బొన్రికికి వెళ్లాను. పెట్టె వచ్చింది. తాడుతో మళ్లీ గట్టిగా కట్టారు. సంతకం కోసం కౌంటరు అమ్మాయి పట్టీని నా వైపు తిప్పింది. నా పేరుకు ఎదురుగా 22 అని ఉంది. దాని కింది వరుసలో, నీటి విభాగం ఆయన పేరుతో, 3 అని రాసి ఉంది. ఆయన రాలేదు కదా అన్నాను. ఆ మూడు కిలోలకు ఆయనే రుసుము కట్టారని చెప్పింది. పెట్టె విప్పితే ఉప్పు కొలిచే మీటరు పక్కన, పండనస్ అనే మొగలి జాతి ఆకుల చాప ముక్కలో చుట్టి, రెండు సీసాల కమయిమయి ఉంది.